ఊరి పుస్తకాన్ని ఊళ్ళోనే తయారు చేసుకునే పద్ధతి

శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా, ఆ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే పెద్దమనిషి ఒకరుంటారు. ఏ గెడ్డ ఏ చెరువులో కలుస్తుందో, ఏ తుపానుకు ఎవరి తోట పడిపోయిందో తడుముకోకుండా చెప్పే ముసలమ్మ ఒకరుంటారు. వారు చెప్పేది ఎక్కడా అచ్చులో దొరకదు. దానిని పుస్తకంగా తీసుకురావడానికి ఇప్పుడు ప్రచురణ సంస్థ దయ అక్కరలేదు. ఒక స్మార్ట్‌ఫోను, అప్పుడప్పుడు వాడుకోవడానికి దొరికే ఒక కంప్యూటరు, మండల కేంద్రంలోని జిరాక్స్ షాపు, శ్రద్ధగా పనిచేసే ముగ్గురు నలుగురు మనుషులు ఉంటే సరిపోతుంది. నేను బడి పిల్లలతోను, పొదుపు సంఘాల మహిళలతోను కలిసి ఇలాంటి చిన్న పుస్తకాలు కొన్ని తయారు చేశాను. ఆ పనిలో నేర్చుకున్నదీ, ఎక్కడెక్కడ పొరపడ్డామో అదీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

తొలి పుస్తకం ఒకే కాగితం

పుస్తకం అనగానే చాలామందికి రెండు వందల పేజీల సంచిక, ఆవిష్కరణ సభ, ముఖ్య అతిథి, శాలువా గుర్తుకొస్తాయి. ఆ ఊహతో మొదలుపెట్టిన పని చందాల దగ్గరో, ముందుమాట ఎవరు రాయాలన్న దగ్గరో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. అందువల్ల మొదటి పుస్తకాన్ని ఒకే ఒక ఏ4 కాగితంతో, ఎనిమిది పేజీలుగా, ఒక్క మధ్యాహ్నంలో పూర్తయ్యేలా చేయమని అందరికీ చెబుతాను. పుస్తకం చేతిలోకి వచ్చిన తరువాత మనుషుల్లో వచ్చే ఉత్సాహం వేరు.

కాగితాన్ని అడ్డంగా పెట్టి, పై అంచును కింది అంచుకు కలిపి మడిచి, గోటితో గట్టిగా నొక్కి విప్పండి. తరువాత ఎడమ అంచును కుడి అంచుకు కలిపి మడవండి. మడిచినదాన్నే మరొకసారి అదే దిశలో మడిచి మొత్తం విప్పితే, పై వరుసలో నాలుగు, కింది వరుసలో నాలుగు గళ్ళు కనిపిస్తాయి. ఒక్కొక్క గడి సుమారు 74 మిల్లీమీటర్ల వెడల్పు, 105 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఇప్పుడు ఎడమ అంచును కుడి అంచుకు కలిపి ఒక్కసారి మాత్రమే మడిచి, మడత ఉన్న వైపునుంచి నడిమి గీత వెంట కత్తెరతో కోస్తూ, అడ్డంగా వచ్చే మొదటి మడత గీత దగ్గర ఆపేయండి. కాగితాన్ని విప్పితే నడుమ రెండు గళ్ళ పొడవున ఒక చీలిక ఉంటుంది. మళ్ళీ పై అంచును వెనక్కి మడిచి, రెండు కొసలనూ పట్టుకుని లోపలికి నెడితే చీలిక తెరుచుకుని నాలుగు రెక్కల పువ్వులా నిలబడుతుంది. ఆ రెక్కలను ఒకే వైపుకు తిప్పి మూస్తే అదే పుస్తకం. దీనికి పిన్నూ జిగురూ అవసరం లేదు.

పేజీల వరుస విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. విప్పిన కాగితం మీద కింది వరుసలో ఎడమనుంచి కుడికి 8, 1, 2, 3 పేజీలు నిటారుగా ఉండాలి. పై వరుసలో ఎడమనుంచి కుడికి 7, 6, 5, 4 పేజీలు తలకిందులుగా ఉండాలి. కంప్యూటరు దగ్గర కూర్చునే ముందు ఒక తెల్ల కాగితాన్ని మడిచి, పెన్సిలుతో అంకెలు వేసి చూసుకుంటే ఈ వరుస మళ్ళీ మరిచిపోరు. తరువాత దీనినే ఫోనులో కాన్వా వంటి యాప్‌లో ఎనిమిది గళ్ళ పేజీగా చేసి దాచుకుంటే, ప్రతిసారీ అందులో మాటలు మార్చుకుంటే చాలు. ప్రింటర్లు అంచుల దగ్గర కొద్దిగా వదిలేస్తాయి గనుక ప్రతి గడిలోనూ చుట్టూ అయిదారు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి.

ఎనిమిది చిన్న పేజీల్లో ఏమి పడుతుందని అనుమానించనక్కరలేదు. ఒక అవ్వ చెప్పే పొడుపుకథలు ఏడు పడతాయి. చోడి (రాగి) అంబలి కాచే విధానం బొమ్మలతో సహా పడుతుంది. ఊళ్ళోని గోర్జీలు (సందులు), బావులు, రచ్చబండ చూపే పటం ఒకటి పడుతుంది. ఒక యువకవి ఆరు చిన్న కవితలు వేసుకుని, సంతలో తెలిసినవారికి పంచిపెట్టవచ్చు. పిల్లలైతే కంప్యూటరు లేకుండా నేరుగా చేత్తో రాసి, బొమ్మలు గీసి, దానినే జిరాక్స్ తీయించుకోవచ్చు. నా మట్టుకు నాకు చేతిరాత సంచికలే ఎక్కువ ఇష్టం.

మాటను సేకరించడం, మాటను చెడగొట్టకుండా ఉండడం

తరువాతి మెట్టు పదహారు పేజీల పుస్తకం. దీనికి ఒకే విషయాన్ని ఎంచుకోండి. "మా ఊరి చరిత్ర" అన్నది చాలా పెద్ద విషయం. "మా ఊరి చెరువు", "మా వీధి పెళ్ళి పాటలు", "2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటిన రాత్రి మా ఇంట్లో" అన్నవి పదహారు పేజీలకు తగిన విషయాలు. ఉద్దానంలో ఆ తుపాను గురించి ప్రతి ఇంటి దగ్గరా ఒక కథ ఉంది. ఎన్ని కొబ్బరి చెట్లు పడ్డాయో, జీడితోట మళ్ళీ కాపుకు రావడానికి ఎన్నాళ్ళు ఆగవలసి వచ్చిందో, కరెంటు లేని రోజుల్లో నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకున్నారో వాళ్ళ నోటినుంచే వినాలి.

మనుషులతో మాట్లాడేటప్పుడు ఫోనులోని రికార్డర్‌ను వాడండి. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, మాట్లాడేవారికి మూరెడు దూరంలో, బల్లమీద కాకుండా మడిచిన తువ్వాలు మీద పెట్టండి. బల్లమీద పెడితే గ్లాసు కదిపిన చప్పుడు కూడా మాటలను మింగేస్తుంది. ఫ్యాను ఆపండి. రికార్డింగు మొదట్లోనే తేదీ, ఊరి పేరు, మాట్లాడేవారి పేరు చెప్పి, "మీరు చెప్పేది పుస్తకంలో వేయవచ్చునా, మీ పేరు వేయవచ్చునా, మీ గొంతు ఇతరులకు వినిపించవచ్చునా" అని మూడు ప్రశ్నలూ విడివిడిగా అడిగి, జవాబులు కూడా రికార్డు చేయండి. ఒకదానికి ఒప్పుకుని మరొకదానికి ఒప్పుకోనివారు ఉంటారు, వారి మాటను గౌరవించాలి.

విన్నదానిని రాయడానికి ఫోను కీబోర్డు యాప్ జీబోర్డు, గూగుల్ డాక్స్‌లోని వాయిస్ టైపింగ్ చాలా సాయం చేస్తుంది. అయితే అది మన ప్రాంతపు మాటలను వినలేదు. తనకు తెలిసిన మాటగా మార్చి రాసేస్తుంది. మనుషులు కూడా అదే తప్పు చేస్తారు. నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో, వెనుకటి రోజుల తిండి గురించి ఒక ముసలమ్మ చెప్పినదంతా మా బృందంలోని డిగ్రీ విద్యార్థిని ఎంతో శ్రమపడి టైపు చేసింది. అచ్చుకు ఇచ్చే ముందు ఆ ప్రతిని తీసుకుని వెళ్ళి, అరుగు మీద కూర్చుని ఆమెకు చదివి వినిపించాము. రెండు పేజీలు ఊరుకుని విన్న తరువాత ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "ఇవి నా మాటలు కావమ్మా. నాను సోళ్ళంటే నువ్వు రాగులని రాసినావు. గెడ్డంటే వాగని రాసినావు. ఆ వాగు ఏ ఊర్ల ఉందో నాకు తెల్దు" అన్నది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచి భాషలో రాయాలన్న గౌరవంతోనే ఆమె అలా మార్చింది, కానీ మార్చిన తరువాత అది ఆ అవ్వ పుస్తకం కాకుండా పోయింది. ఆ సాయంత్రమే కూర్చుని అన్నింటినీ తిరిగి మార్చుకున్నాము.

అప్పటినుంచి మేము ఒక నియమం పెట్టుకున్నాము. మనం రాసే కథనం మామూలు వ్రాతభాషలో ఉంటుంది. మనుషులు పలికిన మాటలు మాత్రం వారు పలికినట్లే ఉంటాయి. బేగి, ఏటి, గుంటడు, కల్లం వంటి మాటలకు అవసరమైతే చివరి పేజీలో అర్థాలు ఇస్తాము, మాటను మాత్రం మార్చము. వాడుక భాషకు వ్రాతలో చోటు కావాలని పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గారు శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టినవారే గనుక, ఈ నియమాన్ని ఈ జిల్లాలో ఎవరికీ ప్రత్యేకంగా వివరించవలసిన అవసరం ఉండకూడదు. ఆయన సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు తయారు చేశారు. మందస, మెళియాపుట్టి వైపు సవర గూడేల్లో పనిచేసే ఉపాధ్యాయులు ఇప్పుడు అదే పనిని తమ ఫోనులో చేయవచ్చు: ఎడమ పేజీలో సవర మాట తెలుగు లిపిలో, కుడి పేజీలో తెలుగు, నడుమ పిల్లలు గీసిన బొమ్మ. సవరకు 1936లో రూపొందిన సొంత లిపి కూడా ఉంది, 2012లో అది, కంప్యూటర్లలో ప్రతి భాష అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో చేరింది. ఏ లిపిలో వేయాలన్నది ఆ గూడెం పెద్దలనే అడిగి నిర్ణయించుకోవాలి.

అక్షరాలు పదేళ్ళ తరువాత కూడా తెరుచుకోవాలి

ఈ వ్యాసంలో ఒక్క సలహానే గుర్తుంచుకునే వీలుంటే, ఇది గుర్తుంచుకోండి: మొదటి అక్షరంనుంచి యూనికోడ్‌లోనే టైపు చేయండి. 2008లో మేము ఒక బడి ఉత్సవ సంచికను ఒక డీటీపీ సెంటరులో పేజ్‌మేకర్‌లో, పాత పద్ధతి ఫాంటులో వేయించాము. పాత విద్యార్థుల జ్ఞాపకాలు, ఊరి పాటలు అందులో చాలా ఉన్నాయి. పన్నెండేళ్ళ తరువాత మళ్ళీ అచ్చు వేద్దామని సీడీ తెరిస్తే, తెలుగు ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. ఆ సెంటరు అప్పటికే మూతబడింది, ఆ ఫాంటు ఎక్కడా దొరకలేదు. మిగిలిన ఒక్క కాగితం ప్రతిని చూసి మొత్తం మళ్ళీ టైపు చేయవలసి వచ్చింది. పాత ఫాంట్లలో తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరం స్థానంలో బొమ్మగా కూర్చేవారు; బొమ్మ పోతే మాట పోతుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు వాటి సొంత సంఖ్యలు ఉన్నాయి, ఫాంటు మారినా మాట నిలుస్తుంది. డీటీపీ సెంటరువారికి పని ఇచ్చినా సరే, యూనికోడ్ ప్రతిని మన దగ్గర ఉంచుకునే ఇవ్వాలి.

ఇలాంటి పాత సంచికలు మీ దగ్గర కాగితం మీద ఉంటే, పేజీని వెలుతురులో నిలువుగా ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, దానిని గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద మాటలు యూనికోడ్‌లో వస్తాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పుగా పడతాయి కాబట్టి ఒకరు చదువుతూ మరొకరు దిద్దాలి. అయినా మొత్తం టైపు చేయడం కంటే చాలా తేలిక.

పేజీలు కూర్చడానికి లిబ్రేఆఫీస్ రైటర్ ఉచితంగా దొరుకుతుంది, చిన్న పుస్తకానికి అది చాలు. బొమ్మలు ఎక్కువగా ఉండి, పేజీ అమరిక అందంగా రావాలంటే స్క్రైబస్ నేర్చుకోండి. అదీ ఉచితమే, కొత్త వెర్షన్లలో తెలుగు ఒత్తులు సరిగా పడతాయి. రైటర్‌లో మొదటిసారి పనిచేసేవారు ఒక చోట తప్పకుండా ఇబ్బంది పడతారు. స్టైల్‌లో ఫాంటు మార్చినా తెలుగు అక్షరాలు మారవు. కారణం ఏమిటంటే, ఆ సాఫ్ట్‌వేర్ తెలుగును సంక్లిష్ట లిపుల (కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్) వర్గంలో ఉంచి, వాటికి ఫాంటునూ సైజునూ వేరుగా అడుగుతుంది. సెట్టింగ్స్‌లోని భాషల విభాగంలో ఆ వర్గాన్ని ఆన్ చేసి, అక్కడ తెలుగును ఎంచుకుంటే చిక్కు తీరుతుంది.

ఫాంట్ల విషయంలో మనకు ఇప్పుడు కొరత లేదు. గూగుల్ ఫాంట్స్‌లో గురజాడ, గిడుగు అనే పేర్లతోనే రెండు తెలుగు ఫాంట్లు ఉన్నాయి. విజయనగరంలో కన్యాశుల్కం రాసిన మహాకవి పేరు ఒకదానిది, మన జిల్లా భాషావేత్త పేరు ఒకదానిది. రెండూ ఉచితం, అచ్చులోనూ వాడుకోవచ్చు. అవి శీర్షికలకు బాగుంటాయని నా అభిప్రాయం. లోపలి మాటలకు నోటో సెరిఫ్ తెలుగు కంటికి హాయిగా ఉంటుంది. ఏ ఫాంటు ఎంచుకున్నా స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం అనే నాలుగు మాటలు టైపు చేసి ప్రింటు తీసి చూడండి, ఒత్తులు ఒకదానిమీద ఒకటి పడితే ఆ ఫాంటు వదిలేయండి. తెలుగులో పైన గుడులూ కింద ఒత్తులూ ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే ఎక్కువ కావాలి, ఒకటిన్నర రెట్లు ఇస్తే మంచిది. పెద్దవారు చదవవలసిన పుస్తకమైతే సైజు 14కు తగ్గించవద్దు. రెండు అంచులూ సమంగా వచ్చేలా సర్దడం చిన్న పేజీకి నప్పదు. తెలుగు మాటలు పొడవైనవి కావడం వల్ల నడుమ నడుమ పెద్ద ఖాళీలు పడి పేజీ పళ్ళూడినట్లు కనిపిస్తుంది. ఎడమ అంచును మాత్రమే సమంగా ఉంచండి.

బస్‌స్టాండ్, సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో పొల్లు విడిగా నిలవకుండా తరువాతి అక్షరానికి ఒత్తుగా అంటుకుపోతుంటే, ఆ రెంటి నడుమ 200సి అని రోమన్ అక్షరాల్లో టైపు చేసి, ఆల్ట్ మీటను పట్టుకుని ఎక్స్ నొక్కండి. కంటికి కనిపించని ఒక గుర్తు అక్కడ చేరి అక్షరాలను విడదీస్తుంది. శీర్షికలను అక్షరాలు పెద్దవి చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ వాడండి. విషయసూచిక దానంతట అదే తయారవుతుంది, తరువాత ఫోనులో చదివే ఈ-బుక్ చేసేటప్పుడు అధ్యాయాలు కూడా సరిగా విడిపోతాయి.

ఫొటోలను ఎవరు పంపినా వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమని చెప్పండి. మామూలుగా పంపితే బొమ్మ చిన్నదైపోయి అచ్చులో మసకబారుతుంది. ఏ5 పేజీ (ఏ4లో సగం) వెడల్పుకు బొమ్మ స్పష్టంగా రావాలంటే కనీసం 1,750 పిక్సెళ్ళ వెడల్పు ఉండాలి. జిరాక్స్‌లో వేసే ఫొటోలను ముందుగా నలుపు తెలుపుల్లోకి మార్చి, కొంచెం వెలుతురు పెంచండి. ముఖాల వరుసకంటే చేతుల పనిని దగ్గరగా తీసిన బొమ్మలు చిన్న పేజీలో బాగా పలుకుతాయి. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసే వేళ్ళను, బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను వీణగా తొలిచే ఉలిని అలా తీస్తే, ఆ పని తెలియనివారికి కూడా పది పేజీల వివరణ అక్కరలేకుండా అర్థమవుతుంది.

అచ్చు, ఫోను, గొంతు

పదహారు పేజీల ఏ5 పుస్తకానికి నాలుగు ఏ4 కాగితాలు చాలు, రెండు వైపులా అచ్చవుతాయి. యాభై ప్రతులకు రెండు వందల కాగితాలు, అంటే అయిదు వందల కాగితాల కట్టలో సగం కూడా ఖర్చు కాదు. పేజీల సంఖ్య ఎప్పుడూ నాలుగుతో భాగించబడాలి. అన్నిటికంటే బయట ఉండే కాగితం మీద ఒక వైపు 16, 1 పేజీలు, రెండో వైపు 2, 15 పేజీలు వస్తాయి. పక్కపక్కన ఉండే ఏ రెండు అంకెలు కూడినా 17 రావాలి. దీనిని చేత్తో కూర్చనక్కరలేదు, ప్రింటు చేసేటప్పుడు పీడీఎఫ్ రీడరులో బుక్‌లెట్ అనీ, రైటర్‌లో బ్రోచర్ అనీ ఉండే ఎంపికను నొక్కితే అదే అమర్చుకుంటుంది. రెండు వైపులా అచ్చు వేసేటప్పుడు పొట్టి అంచు వైపు తిప్పమని ఎంచుకోవాలి, లేకపోతే వెనుక పేజీ తలకిందులుగా పడుతుంది. షాపులో యాభై ప్రతులూ ఒకేసారి వేయమనకుండా, ఒక ప్రతి వేయించి, మడిచి, అక్కడే నిలబడి మొదటినుంచి చివరిదాకా పేజీలు తిప్పి చూడండి. సెంటర్ పిన్ను వేయడానికి పొడవు చేతి స్టాప్లరు లేకపోతే దబ్బనంతో మూడు రంధ్రాలు చేసి గట్టి దారంతో కుట్టండి. పిల్లలు ఈ పనిని ఇష్టంగా చేస్తారు, దారపు కుట్టు పిన్నులా తుప్పు కూడా పట్టదు.

మన జిల్లాలనుంచి చెన్నై, హైదరాబాదు, గుజరాత్ తీరానికి బతుకుతెరువు కోసం వెళ్ళినవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వారికి చేరే పుస్తకం ఫోనులోదే. ఏ5 పీడీఎఫ్ పంపితే ఫోనులో అక్షరాలను వేళ్ళతో సాగదీసుకుంటూ చదవాలి, రెండో పేజీకే విసుగు వస్తుంది. అదే ఫైలును ఏ5లో సగమైన ఏ6 సైజులో, 16 పాయింట్ల అక్షరాలతో మరొకసారి పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. దానితోపాటు ఈపబ్ కూడా చేయండి. ఈపబ్‌లో పేజీ స్థిరంగా ఉండదు, అక్షరం పెంచినా తగ్గించినా మాటలు తెర వెడల్పుకు సర్దుకుంటాయి. రైటర్‌లోనే ఎక్స్‌పోర్ట్ కింద ఈపబ్ ఎంపిక ఉంది. తరువాత సరిదిద్దుకోవడానికి సిజిల్, ఒక రూపంనుంచి మరొక రూపానికి మార్చుకోవడానికి కాలిబర్ ఉచితంగా దొరుకుతాయి. చూపు లేనివారు ఫోను చేత చదివించుకుని వింటారు. తెలుగు పీడీఎఫ్‌లో అక్షరాలు తరచుగా తారుమారవుతాయి కాబట్టి వారికి ఈపబ్ చాలా మేలు. అందులోని ప్రతి బొమ్మకూ ఒక వాక్యంలో వివరణ రాయండి.

పాటల పుస్తకానికి మాత్రం కాగితం సగమే. తప్పెటగుళ్ళ బృందం పాటను అచ్చులో చదివితే గుండెకు కట్టిన తప్పెట మోత వినబడదు, జముకుల కథలోని సాగదీత కనబడదు. రికార్డింగులోని అనవసరమైన భాగాలను ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీసేసి, ఆడియోను ఉచిత ఆన్‌లైన్ భాండాగారమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టి, పాట పక్కన క్యూఆర్ కోడ్ వేయండి. కోడ్ తయారు చేసేటప్పుడు స్టాటిక్ రకాన్నే ఎంచుకోవాలి. డైనమిక్ రకం కోడ్ మన లింకుకు నేరుగా వెళ్ళకుండా, కోడ్ చేసి ఇచ్చినవారి ద్వారా వెళుతుంది. ఉచిత గడువు తీరగానే వారు ఆపేస్తే అచ్చయిన పుస్తకాలన్నిటిలోనూ ఆ గడి పనికిరాకుండా పోతుంది. కోడ్ కనీసం రెండు సెంటీమీటర్ల చదరం ఉండి, చుట్టూ తెల్లటి ఖాళీ ఉంటే పాత ఫోన్లు కూడా చదవగలుగుతాయి.

ఎవరి సొత్తు ఎవరిది

ఇతరుల రచనలు చేర్చుకునే ముందు హక్కులు చూసుకోవాలి. మన దేశంలో రచయిత మరణించిన సంవత్సరం తరువాత 60 ఏళ్ళవరకు కాపీరైటు ఉంటుంది. గురజాడ అప్పారావు గారు 1915లో, గిడుగు వారు 1940లో మరణించారు, కాబట్టి వారి రచనలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. కాళీపట్నం రామారావు మాస్టారు 2021లో మరణించారు, కాబట్టి ఆయన కథలు వేయాలంటే వారసుల అనుమతి కావాలి. ఊరి పాటకు కర్త ఎవరో తెలియకపోయినా పాడినవారికి తమ గానం మీద 50 ఏళ్ళ హక్కు ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, పాడినవారి పేరు పాట కిందనే ఉండాలి, చివరి పేజీ కృతజ్ఞతల్లో చిన్న అక్షరాలతో కాదు. సేకరించినవారి పేరు అట్ట మీద, పాడినవారి పేరు ఎక్కడో మూల ఉండే అలవాటు మన సంచికలకు చాలా కాలంగా ఉంది, అది తప్పు. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, ఫోను నంబర్లూ ఇంటి చిరునామాలూ వేయవద్దు.

మీ పుస్తకాన్ని ఇతరులు ఉచితంగా పంచుకోవచ్చు అనుకుంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకటి ఎంచుకుని రెండో పేజీలో రాయండి. పేరు చెప్పి పంచుకోవచ్చు, అమ్ముకోకూడదు అనే షరతు పెట్టే లైసెన్సు కూడా ఉంది. వికీపీడియా వారి ఉచిత ఫైళ్ళ భాండాగారమైన వికీమీడియా కామన్స్‌లో పెట్టాలంటే మాత్రం అమ్మకాన్ని నిషేధించే షరతు ఉండకూడదు. పుస్తకం అమ్మకానికో గ్రంథాలయాలకో వెళుతుందంటే పుస్తకాలను గుర్తించే సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ తీసుకోండి. రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ సంస్థ దానిని ఉచితంగానే ఇస్తుంది, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వవద్దు. వార్తలు, వాటిమీద వ్యాఖ్యలు వేస్తూ నెలనెలా అచ్చు పత్రిక నడపాలంటే 2023 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒక్కసారి వేసే ఊరి పుస్తకం పత్రిక కిందికి రాదు.

ఎక్కడ దాచాలి

ఫోను పోతుంది, కంప్యూటరు పాడవుతుంది, తుపానుకు ఇల్లే తడుస్తుంది. పుస్తకం పూర్తయిన రోజే దానిని మూడు చోట్ల పెట్టండి. అసలు రైటర్ ఫైలు, ఫొటోలు, ఫాంట్లు, రికార్డింగులు అన్నీ ఒకే ఫోల్డరులో చేర్చి ఒక పెన్‌డ్రైవ్‌లోను, గూగుల్ డ్రైవ్‌లోను దాచండి. పీడీఎఫ్‌ను, ఈపబ్‌ను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఊరి పేరు, మండలం, జిల్లా తెలుగులోను రోమన్ లిపిలోను రాసి పెట్టండి, లేకపోతే వెతికేవారికి దొరకదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారిన తరువాత కొన్ని ఊళ్ళు పార్వతీపురం మన్యంలోకి, కొన్ని విజయనగరంలోకి వెళ్ళాయి కాబట్టి పాత జిల్లా పేరు కూడా రాయండి. అచ్చు ప్రతులు బడికి, పంచాయతీకి, దగ్గరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకాన్ని కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి కూడా పంపాలి. పుస్తకంలో కథలు ఉంటే శ్రీకాకుళంలోని కథానిలయానికి ఒక ప్రతి తప్పక చేర్చండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో దానిని ప్రారంభించి, పత్రికల్లోను చిన్న చిన్న సంచికల్లోను చెదిరిపోయిన తెలుగు కథలను ఒక చోటికి చేర్చారు. ఎక్కడో మూల ఊళ్ళో అచ్చయిన పుస్తకానికి కూడా అక్కడ అల్మరాలో చోటుంటుంది.

మొదటి ప్రతులను మాత్రం అందులో మాటలున్న మనుషులకే ఇవ్వండి, ఇంటికి వెళ్ళి, ఒక పేజీ చదివి వినిపించి ఇవ్వండి. పుస్తకం చివరి రెండు పేజీలను "సవరణలు, చేర్పులు" అని శీర్షిక పెట్టి ఖాళీగా వదలండి. నెల రోజుల తరువాత మళ్ళీ తిరిగి ఆ పేజీల మీద ఎవరెవరు ఏమి రాశారో ఫొటో తీసుకోండి. చెరువు పేరు తప్పని ఒకరు రాస్తారు, తన తాతను మరిచిపోయారని మరొకరు రాస్తారు, పాటలో వదిలేసిన చరణాన్ని ఇంకొకరు పూర్తిగా రాసి ఇస్తారు. వాటిని ఫైలులో చేర్చి, అట్ట వెనుక రెండో ముద్రణ అనీ నెల, సంవత్సరం అనీ వేసి, ఈసారి ఇరవై పేజీలు చేయండి.